చెమట చేతికి ఏ పాలిష్? తిరుపతిలో ఒక క్లాసికల్ గిటారు కేస్ స్టడీ

గిటారు ఆర్డర్ ఇచ్చేవాళ్ళు చెక్క గురించి గంటలు గంటలు అడుగుతారు, పాలిష్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క మాటలో తేల్చేస్తారు, బాగా మెరవాలి అని. ఈ కేసూ అట్లానే మొదలైంది. తిరుపతిలో పిల్లలకి క్లాసికల్ గిటారు నేర్పే ఒక అమ్మాయి కోసం చేసిన గిటారు ఇది. పాఠాలు పోను తనూ రోజుకి మూడు నాలుగు గంటలు సాధన చేస్తుంది, అది కూడా ఏసీ లేని మేడ మీద గదిలో. టాప్ (ముందుపలక) యూరోపియన్ స్ప్రూస్, వెనకపలకా పక్కలూ రోజ్‌వుడ్, మెడ మహాగని, స్కేల్, అంటే తీగ మోగే పొడవు, 650 మిల్లీమీటర్లు. చెక్కపని అంతా అయిపోయాక కొర్లగుంటలో నా షెడ్డుకి వచ్చి, "అన్నా, పీయూ కొట్టించేద్దాం, ఫర్నిచర్ షాపుల్లో చూశాను, అద్దంలా ఉంటుంది, గీతలు కూడా పడవంట" అంది. పీయూ అంటే పాలీయూరిథేన్, స్ప్రే గన్‌తో కొట్టే ప్లాస్టిక్ పూత. "మెరుపు సంగతి తర్వాత చూద్దాంలేమ్మా, ముందు నువ్వు ఇప్పుడు వాయిస్తున్న గిటారు ఒకసారి పట్రా" అన్నాను.

ఏ పాలిష్ వెయ్యాలో చెప్పేది పాత గిటారే. అది తను సెకండ్ హ్యాండ్‌లో కొన్న గిటారు, లక్కర్ (థిన్నర్‌లో కరిగించి కొట్టే పాలిష్) కొట్టినది. కుడి ముంజేయి ఆనే అంచు దగ్గర అరచేయంత మేర మెరుపు పోయి తెల్లబారి ఉంది, అక్కడ గోరు పెట్టి నొక్కితే గుర్తు పడుతోంది. మెడ వెనక బొటనవేలు తిరిగే చోట జిగురు. సౌండ్‌హోల్ (టాప్ మీది గుండ్రటి రంధ్రం) కింది వైపు గోళ్ళ గీతలు. వెనకపలక మాత్రం, రోజూ ఒంటికి ఆనుతున్నా సరే, పెద్దగా చెడలేదు, ఎందుకంటే మధ్యలో బట్ట అడ్డం ఉంటుంది. దీన్ని బట్టే నాకు పని సగం తేలిపోయింది. గిటారులో చర్మం తగిలే చోట్లు రెండే, గొంతు పలికే చోటు ఒకటే, మిగతాదంతా దెబ్బలు తగలకుండా కాపాడుకోవాల్సిన భాగం. ఈ మూడింటికీ ఒకే డబ్బాలోంచి ఒకే పాలిష్ ఎందుకు వెయ్యాలి?

గొంతు పలికే చోటు టాప్. స్పెయిన్‌లో ఆంటోనియో డి టోర్రెస్ 1862లో వెనకపలకా పక్కలూ అట్టతో చేసి, టాప్ మాత్రం స్ప్రూస్ వేసి ఒక గిటారు కట్టాడు. శబ్దాన్ని నడిపేది టాపేనని చూపించడానికి చేసిన పని అది, ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. అందుకని పాలిష్ బరువు లెక్క నేను టాప్ దగ్గరే కట్టుకుంటాను. టాప్ వైశాల్యం దాదాపు 0.14 చదరపు మీటర్లు, మందం 2.3 మిల్లీమీటర్లు, స్ప్రూస్ సాంద్రత ఘన సెంటీమీటరుకి 0.43 గ్రాములు అనుకుంటే పలక బరువు 140 గ్రాముల లోపే తేలుతుంది. దాని మీద 0.03 మిల్లీమీటర్ల షెల్లాక్ (స్పిరిట్‌లో కరిగించిన లక్క) పొర వేస్తే పెరిగే బరువు ఐదు గ్రాముల లోపు. అదే ఫర్నిచర్‌కి కొట్టినట్టు గ్రెయిన్ (చెక్కలోని నార గీతలు) పూడేదాకా పీయూ కొట్టి 0.3 మిల్లీమీటర్లకి తెచ్చామనుకోండి, 45 గ్రాములు దాటుతుంది. అంటే పలక బరువులో మూడో వంతు! పలకని పల్చగా చెయ్యడానికి రందా పట్టుకుని నెలల తరబడి మిల్లీమీటరులో పదో వంతు కోసం తంటాలు పడేది ఒకవైపు, స్ప్రే గన్‌తో ఒక్క పూటలో దాన్నంతా తిరిగి ఎక్కించేసేది ఇంకోవైపు. బరువొక్కటే కాదు, ఆ ప్లాస్టిక్ పొర కంపనాన్ని తినేస్తుంది కూడా, ముఖ్యంగా పై స్వరాల్లో తెలుస్తుంది.

ఇక్కడ ఊళ్ళో దొరికేవి చూద్దాం. ఏ పాలిష్ మేస్త్రిని అడిగినా మెలమైన్, పీయూ, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ అంటారు. మెలమైన్ గురించి ఎక్కువ చెప్పను, అది తలుపులకీ టేబుళ్ళకీ బాగుంటుంది. గట్టిదే గానీ పెళుసు. మన దగ్గర మే నెల మధ్యాహ్నం గాలి పొడిబారిపోతుంది, కార్తీక మాసం వానల్లో గోడలు కూడా చెమర్చుతాయి. ఆ తేడాకి స్ప్రూస్ పలక అడ్డంగా సాగుతూ ముడుచుకుంటూ ఉంటే పైనున్న పెళుసు పొర గ్రెయిన్ వెంబడి పగులుతుంది. పీయూ సాగుతుంది, చెమటకి తట్టుకుంటుంది, శానిటైజర్‌కీ చలించదు. స్కూల్లో నలభై మంది పిల్లలు వాడే గిటారు అయితే నేనే పీయూ వేయమంటాను, కాకపోతే పల్చగా. కానీ గీత పడితే పాత పొరలో కొత్త పొర కరిగి కలవదు, గీకి మళ్ళీ కొట్టాల్సిందే. పైగా దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, ఊపిరికి చాలా చెడ్డది, ఆస్తమా తెచ్చిపెడుతుంది. మూతికి చేతిరుమాలు కట్టుకుని పీయూ కొట్టే కుర్రాళ్ళని చూస్తే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. సరైన కార్ట్రిడ్జ్ మాస్కు లేకుండా దాని జోలికి పోవద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

ఎన్‌సీ లక్కర్ గిటార్లకి పాత నేస్తమే, పల్చగా వస్తుంది, పాత పొరలో కొత్తది కలుస్తుంది. చిక్కు ఏమంటే గాలిలో తేమ ఎక్కువున్న రోజున కొడితే థిన్నర్ ఆవిరయ్యే చల్లదనానికి తేమ పట్టి పొర తెల్లగా మసకేస్తుంది, ఆరడాన్ని నిదానం చేసే రిటార్డర్ కలిపినా ఒక్కోసారి వదలదు. రబ్బరు తొడుగులున్న స్టాండు మీద ఉంచితే ఆ రబ్బరు దీన్ని మెత్తబరిచి మచ్చ వేస్తుంది. ఇక ఉత్త నూనె, అంటే అవిసె నూనె, టంగ్ నూనె, మెడకి సరే. స్ప్రూస్ టాప్‌కి వద్దు, మెత్తటి చెక్క నూనె పీల్చేసుకుంటుంది, తర్వాత బయటికి తియ్యలేం.

మిగిలింది షెల్లాక్, గుడ్డ ఉండతో రుద్దే ఫ్రెంచ్ పాలిష్. క్లాసికల్ గిటారుకి తరతరాలుగా నడుస్తున్నది ఇదే. సరుకు మన దేశానిదే, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వైపు మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగు కక్కే బంక. మన ఏటికొప్పాక బొమ్మల మీద ఉండే లక్కా ఇదే, అక్కడ తిరిగే బొమ్మకి లక్క కడ్డీ ఆనించి ఆ వేడికి కరిగిస్తారు, ఇక్కడ స్పిరిట్‌లో కరిగించి రుద్దుతాం. దీని బలహీనతలు చిన్నవేం కాదు. నీళ్ళు నిలిస్తే తెల్ల వలయం పడుతుంది, ఆల్కహాల్ తగిలితే కరుగుతుంది, సబ్బు, వాషింగ్ సోడా లాంటి క్షారాలకీ లొంగుతుంది, 75 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో ఈ గిటారు వదిలేస్తే కేసు లోపలి ముఖమల్ నేత టాప్ మీద అచ్చు పడుతుంది.

అందుకే ఊరికే మాటలతో ఒప్పించకుండా ముక్కల మీద చూపించాను. టాప్ చేసిన అదే పలక అంచు నుంచి ఒకే కొలతల పట్టీలు తీసి ఒకదానికి షెల్లాక్, ఒకదానికి పల్చటి లక్కర్, ఒకదానికి మందంగా పీయూ, ఒకదానికి ఉత్త నూనె వేసి, ఒకటి పచ్చి చెక్కగా ఉంచాను. వీటిని కొట్టి వినడానికి ఒక పద్ధతి ఉంది. పట్టీని ఎక్కడ పడితే అక్కడ పట్టుకుంటే మన వేళ్ళే శబ్దాన్ని చంపేస్తాయి. పొడవులో 22 శాతం దగ్గర పట్టుకోవాలి, 400 మిల్లీమీటర్ల పట్టీ అయితే చివర నుంచి 90 మిల్లీమీటర్ల దగ్గర, ఎందుకంటే మొదటి కంపనంలో అక్కడ పట్టీ కదలదు. బొటనవేలు, చూపుడువేలి కొసలతో తేలిగ్గా అక్కడ పట్టుకుని మధ్యలో వేలి కణుపుతో తట్టాలి. షెల్లాక్ పట్టీకీ పచ్చి పట్టీకీ తేడా కళ్ళు మూసుకుని వింటే నేనూ చెప్పలేకపోయాను, తనూ చెప్పలేకపోయింది. లక్కర్ది కొంచెం పొట్టిగా ఆగింది. పీయూది టంగ్‌మని మోగాల్సింది టక్‌మని ఆగిపోయింది. నూనెది అన్నిటికన్నా మొద్దు. పట్టీ మీద విన్నది అచ్చంగా గిటారులో వినపడుతుందని నేను అనను, ఒకే గిటారుకి రెండు పాలిష్‌లు వేసి పోల్చే వీలూ లేదు. కానీ ఎటువైపు పోతోందో తెలియడానికి అది చాలు.

రెండో పరీక్ష తన చేతికి పెట్టాను. చిన్న పట్టీలు ఇచ్చి, పాత గిటారు వాయించేటప్పుడు ముంజేయి కింద పెట్టుకో, రోజూ మార్చి మార్చి పెట్టుకో అని చెప్పి పంపాను. కొన్ని వారాలు పోయాక పట్టుకొచ్చింది. పీయూ కొత్తదిలా ఉంది. లక్కర్ కాస్త మసకబారింది. షెల్లాక్ పట్టీ అంచు దగ్గర జిగురొచ్చి బట్ట నూలు పోగు ఒకటి అతుక్కుని ఉంది. ముక్కని వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే చెయ్యి ఆనిన చోట గీత గీసినట్టు హద్దు కనపడుతోంది, ఇటు మెరుపు, అటు మసక.

"చూశావా అన్నా, నేను చెప్తే విన్లేదు" అంది.

"చూశానమ్మా. ఇది నీ ముంజేతికి షెల్లాక్ సరిపడదని చెప్తోంది, టాప్ మొత్తానికి సరిపడదని చెప్పట్లేదు కదా. నువ్వు స్కూటీ మీద పోతూ ఎండకి వేసుకునే కాటన్ స్లీవ్ ఉంది చూడు, వాయించేటప్పుడు కూడా అది వేసుకో."

నవ్వింది గానీ అది నవ్వులాటకి చెప్పిన మాట కాదు. ఎన్నో దేశాల క్లాసికల్ గిటారిస్టులు చేతికి తొడుగు వేసుకునే వాయిస్తారు. తీర్మానం ఇట్లా చేశాం: టాప్‌కి షెల్లాక్ ఒక్కటే. వెనకపలకకీ పక్కలకీ అడుగున షెల్లాక్, పైన చేత్తో రుద్దే నూనె వార్నిష్. మెడకి అదే వార్నిష్ ఇంకా పల్చగా, మెరుపు లేకుండా, బొటనవేలు జారేట్టు.

పని సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టాను. చిత్తూరు, తిరుపతి వైపు పాలిష్ పనికి జనవరి చివర నుంచి మార్చి మొదటి వారాల దాకా బంగారం లాంటి కాలం, తేమ తగ్గి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. మే నెలలో స్పిరిట్ ఎంత తొందరగా ఆవిరవుతుందంటే గుడ్డ ఉండ జారకుండా పట్టేస్తుంది. తప్పనిసరై ఎండల్లో చెయ్యాల్సి వస్తే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంత కలుపుకోవచ్చు, అది నిదానంగా ఆరుతుంది. వానల్లో అయితే అసలు మొదలుపెట్టొద్దు.

మన దగ్గర ఎక్కువ మంది షెల్లాక్ పని చెడేది స్పిరిట్ దగ్గర. హార్డ్‌వేర్ షాపులో స్పిరిట్ అని ఇచ్చేదాంట్లో నీళ్ళు ఉన్నాయో లేదో చూసి చెప్పలేం. దీనికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఎరువుల షాపులో మైలతుత్తం దొరుకుతుంది, నీలం గళ్ళు. ఆ పని తప్ప ఇంకెందుకూ వాడని పాత గరిటెలో, గాలి ఆడే చోట, నీలం పోయి తెల్ల పొడి అయ్యేదాకా సన్నటి సెగ మీద వేడి చెయ్యాలి. పూర్తిగా చల్లారాక, మంట ఆర్పేశాక, చిటికెడు తెల్ల పొడి ఒక గాజు సీసాలో వేసి స్పిరిట్ పోయాలి. మళ్ళీ నీలం తిరిగిందంటే అందులో నీళ్ళు ఉన్నట్టే, ఆ డబ్బాతో గిటారు ముట్టుకోవద్దు. ఇంకో సంగతి, ఈ స్పిరిట్‌లో మిథనాల్ కలిపి ఉండొచ్చు, అది విషం, చర్మం గుండానూ ఊపిరి గుండానూ లోపలికి పోతుంది, గ్లవ్స్ వేసుకుని కిటికీలు తీసుకుని చెయ్యాలి.

టాప్‌కి లేత రంగు షెల్లాక్ రేకులు, రోజ్‌వుడ్‌కి తేనె రంగువి తీసుకున్నాను. పావు లీటరు స్పిరిట్‌కి 50 నుంచి 60 గ్రాములు. కరిగాక కదపకుండా ఉంచితే మైనం అడుక్కి దిగుతుంది, పైనున్న తేట ఒంపుకోవాలి, ముఖ్యంగా పైన వార్నిష్ వెయ్యబోయే చోటికి మైనం ఉండకూడదు. కలిపిన తేదీ సీసా మీద రాసుకోండి. ఆరు నెలలు దాటిన షెల్లాక్ సరిగా ఆరదు, అనుమానంగా ఉంటే గాజు ముక్క మీద ఒక చుక్క వేసి మర్నాడు గోరు పెట్టి చూడండి.

రోజ్‌వుడ్ పక్కన తెల్ల గీత ఉన్న ఏ గిటారుకైనా తప్పనిసరిగా వచ్చే చిక్కు రంగు దిగడం. రోజ్‌వుడ్‌లో ఉన్న ఊదా రంగు స్పిరిట్‌లో కరుగుతుంది. అంచు చుట్టూ మేపుల్‌తో సన్నటి తెల్ల గీత పొదిగి ఉంటుంది కదా, తడి గుడ్డ ఒక్కసారి రోజ్‌వుడ్ మీద నుంచి దాని మీదికి పోయిందంటే గీత గులాబీ రంగుకి తిరుగుతుంది, చెక్క లోపలికి దిగాక గీకినా పోదు. అందుకని ముందు సన్న కుంచెతో, పూర్తిగా లేత షెల్లాక్‌తో, ఆ తెల్ల గీతలొక్కటే ఒకటికి రెండు సార్లు మూసేశాను. ఆరాక రోజ్‌వుడ్ మీద గుడ్డ నడిపేటప్పుడు చెయ్యి ఎప్పుడూ గీత నుంచి లోపలికే, లోపల నుంచి గీత వైపు ఎప్పుడూ పోకూడదు. టాప్‌కి ఒక గుడ్డ, రోజ్‌వుడ్‌కి ఇంకో గుడ్డ, రెండూ వేరే వేరే డబ్బాల్లో. బ్రిడ్జ్ (తీగలు కట్టే చెక్క) అతికే చోట టేపు వేసి పచ్చి చెక్కగానే ఉంచాను, షెల్లాక్ మీద జిగురు పట్టదు.

రోజ్‌వుడ్ రంధ్రాలు పూడ్చడానికి ప్యూమిస్ (నురగ రాయి) పొడి వాడాను. గుడ్డ ఉండ మీద చిటికెడు పొడి, కొద్దిగా స్పిరిట్, ఒక చుక్క షెల్లాక్, గట్టిగా గుండ్రంగా తిప్పుతుంటే ఆ పొడి చెక్కని సన్నగా అరగదీసి ఆ నలుపు పిండితోనే రంధ్రాలు నింపుతుంది. పొడి ఎక్కువైతే తెల్ల చుక్కలు మిగిలిపోతాయి, ముదురు చెక్క మీద జీవితాంతం కనిపిస్తాయి. టాప్‌కి ప్యూమిస్ అక్కర్లేదు, స్ప్రూస్‌కి పూడ్చాల్సిన రంధ్రాలు ఉండవు.

గుడ్డ ఉండకి లోపల దూది, పైన చాలాసార్లు ఉతికిన పాత నేత పంచె ముక్క. కొత్త బట్ట నూలు వదులుతుంది. ఉండ సరిగ్గా తడిసిందో లేదో మీ చేతి వెనక ఆనించి చూస్తే తెలుస్తుంది, చల్లగా తగలాలి, తడి మిగలకూడదు. కదులుతూనే పలక మీదికి దిగాలి, కదులుతూనే పైకి లేవాలి, మధ్యలో ఆగితే కింద పొర కరిగి గుడ్డ నేత అచ్చు పడుతుంది. జారడానికి వేలి కొసతో ఒక చుక్క ఆలివ్ నూనె. గుడ్డ వెనక ఆవిరిలాంటి మసక ఒకటి తోకలా వచ్చి వెంటనే మాయమవుతుంటే పని సాగుతున్నట్టు. ఆ నూనె పొరలో ఉండిపోకూడదు, చివర్లో స్పిరిట్ మాత్రమే అద్దిన గుడ్డతో తేలిగ్గా గ్రెయిన్ వెంబడి నడిపి దాన్ని బయటికి లాగేయాలి. ఒక పూట రుద్దితే తర్వాత రోజంతా వదిలెయ్యాలి. తొందరపడితే ఆ పూటకి బాగానే ఉంటుంది, నెల తిరిగేసరికి పొర కుంగి గ్రెయిన్ తేలుతుంది.

వెనకపలక మీద షెల్లాక్ అడుగు ఎందుకంటే, రోజ్‌వుడ్‌లో సహజంగా ఉండే పదార్థాలు నూనె వార్నిష్‌ని ఆరనివ్వవు, వారాల తరబడి జిగటగానే ఉంటుంది. మధ్యలో షెల్లాక్ పొర ఉంటే ఆ గొడవ ఉండదు. దాని మీద వార్నిష్ పల్చగా రుద్ది, ఆరాక సన్న ఉప్పు కాగితంతో తేలిగ్గా లాగి, మళ్ళీ రుద్ది, అట్లా చాలా పల్చటి పొరలుగా కట్టాను. వార్నిష్ తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడెయ్యొద్దు, ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో ముంచి పారెయ్యండి.

చాలామందికి ఒక అపోహ ఉంది, మందంగా పాలిష్ కొడితే తేమ లోపలికి పోదని. గిటారు లోపలి వైపు చెక్కంతా పచ్చిగానే ఉంటుంది, సౌండ్‌హోల్ గుండా గాలి ఆడుతూనే ఉంటుంది. తేమ సంగతి పాలిష్ చూసుకోదు, కేసూ అందులో పెట్టే తేమ మీటరూ చూసుకోవాలి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే నిశ్చింత.

షెల్లాక్ గట్టిపడడానికి నెల పైనే ఉంచి, ఆ తర్వాతే అప్పగించాను. ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు తనతో పాటు వాళ్ళ అమ్మగారికి కూడా చెప్పాను, ఎందుకంటే కొన్ని ఇంట్లోవాళ్ళ చేతిలో ఉంటాయి. శానిటైజర్ రాసుకున్న చెయ్యి పూర్తిగా ఆరేదాకా గిటారు ముట్టుకోకూడదు, పాఠానికొచ్చే పిల్లలైతే మరీ. దోమల క్రీముల్లో ఉండే డీట్ అనే రసాయనం షెల్లాక్‌నీ లక్కర్‌నీ కరిగిస్తుంది, సాయంత్రం మేడ మీద వాయించేవాళ్ళకి ఇది శానిటైజర్ కన్నా పెద్ద గండం, ఎందుకంటే క్రీము రాసేది సరిగ్గా ముంజేతికే. ఇక దసరా. సరస్వతీ పూజకో ఆయుధపూజకో వాయిద్యానికి తడి గంధం, కుంకుమ బొట్టు పెట్టడం మనకి ఆనవాయితీ. తడి వల్ల తెల్ల మచ్చ పడుతుంది, సున్నం కలిసిన కుంకుమ క్షారం, పైగా పసుపు రంగు స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి తర్వాత రిపేరు చెయ్యబోతే ఆ పసుపు చుట్టూ పాకుతుంది. "అయితే పూజ మానెయ్యమంటారా?" అని అడిగారు వాళ్ళమ్మ. "లేదమ్మా, బొట్టు కేసుకి పెట్టండి, గిటారు మీద పువ్వు పెట్టండి, అది కూడా తడి లేకుండా" అన్నాను. అట్లానే చేస్తున్నారు.

ఒక వేసవి గడిచాక గిటారు చూడ్డానికి తెప్పించుకున్నాను. వెనకపలక, పక్కలు చెక్కుచెదరలేదు. మెడ మీద బొటనవేలి చోట వార్నిష్ కొంచెం అరిగింది, మెరుపు లేని పొర కాబట్టి కనపడదు, ఇంకో పల్చటి పూత రుద్దాను. ముంజేయి అంచు దగ్గర కాస్త మసక ఉంది, స్లీవ్ వేసుకోని రోజులు ఉన్నాయని అదే చెప్పింది. సౌండ్‌హోల్ కింద ఒక గోటి గీత పడింది, లోతుగా లేదు. గీతలో సన్న కుంచెతో షెల్లాక్ చుక్కలు నింపి, ఆరనిచ్చి, చదును చేసి, రెండు చోట్లా గుడ్డ నడిపితే ఒక పూటలో కొత్త పొర పాతదాంట్లో కలిసిపోయింది, హద్దు కూడా కనపడలేదు. టాప్ మీద పీయూ ఉండి ఉంటే ముంజేయి దగ్గర ఈ మసక వచ్చేదే కాదు, అది ఒప్పుకోవాలి. ఆ గోటి గీతకి మాత్రం ఆ భాగమంతా గీకి మళ్ళీ స్ప్రేకి పంపాల్సి వచ్చేది.

ఏడాదికోసారి, ఉగాదికి ముందు, టాప్‌కి ఒక పూట గుడ్డ పడేట్టు మాట్లాడుకున్నాం. తర్వాతి ఆర్డర్ ఇంకో టీచర్‌ది, ఆయనకి సీడార్ టాప్ కావాలట. సీడార్ స్ప్రూస్ కన్నా మెత్తన, గోరు ఆనినా గుంట పడుతుంది, అందుకని దానికి మొదటి పొరలు కుంచెతో వేసి చెక్క గట్టిపడ్డాకే గుడ్డ పట్టుకుంటాను. ఆయన చేతికి ఇచ్చిన పట్టీలు ఇంకా తిరిగి రాలేదు.